తూకానికి అందని మార్పు

కుందలహళ్ళి గేటు నుంచి ఏఈసీఎస్ లేఅవుట్ మీదుగా బ్రూక్‌ఫీల్డ్ వైపు నడిస్తే అడుగడుగునా తెలుగు వినిపిస్తుంది. ఆంధ్రా మెస్‌లు, కర్రీ పాయింట్లు, ఐటీ కంపెనీల నుంచి ఇళ్లకు చేరే జనం. ఇరవై, పాతికేళ్ల కింద సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చిన మొదటి వరస ఆడవాళ్లు ఇప్పుడు నలభై అయిదు దాటుతున్నారు. వాళ్ల పక్క ఫ్లాట్లలో, ఉద్యోగాలకు వెళ్లే కొడుకూ కోడళ్ల పసిబిడ్డల్ని చూసుకోవడానికి గుంటూరు నుంచో, అనంతపురం నుంచో, కరీంనగర్ నుంచో వచ్చి ఉండిపోయిన యాభై అయిదేళ్ల తల్లులు ఉంటారు. చదువులు వేరు, సంపాదనలు వేరు. నెలసరి ఆగే వయసులో మాత్రం ఇద్దరి నోటా ఒకటే మాట: తిండి పెరగలేదు, అయినా పొట్ట పెరిగింది.

ఈ మాటని డాక్టర్ల దగ్గర, ఇంట్లో, చివరికి తమలో తాము కూడా చాలామంది నమ్మరు. దొంగచాటుగా తింటున్నట్టో, ఒళ్లు వంచడం లేదన్నట్టో చూస్తారు. తూకం మిషను కూడా ఆమె వైపు నిలబడదు. రెండేళ్లలో పెరిగింది కిలోనో, కిలోన్నరో అని చూపించి ఊరుకుంటుంది. కానీ ఆమె చెబుతున్నది నిజం. గత పాతికేళ్ల పరిశోధన ఆమె మాటనే బలపరుస్తోంది. మిషను చూపే అంకె పెద్దగా మారకుండానే ఒంట్లో కొవ్వూ కండా చోట్లు మార్చుకుంటాయి.

చీర కట్టు ఈ మార్పుని చాలాకాలం కనపడనివ్వదు. లంగా బొందు ఎంత కావాలంటే అంత వదులవుతుంది, చీరకి నడుము కొలత అంటూ ఉండదు. కుచ్చిళ్లు ఆరు పడే చోట అయిదు పడుతున్నాయని గమనించేవాళ్లు తక్కువ. లెగ్గింగులు, చుడీదార్లు ఎలాస్టిక్‌తో సాగిపోతాయి. ముందుగా పట్టిచ్చేది రవికే. చేతుల దగ్గర, వీపు దగ్గర బిగుతవుతుంది. అప్పటికి నడుము చుట్టూ నాలుగైదు సెంటీమీటర్లు చేరిపోయి ఉంటాయి.

ఈ విషయం మీద అన్నిటికన్నా ఓపికగా జరిగిన పరిశీలన అమెరికాది. స్వాన్ అని పొట్టిగా పిలిచే ఆ అధ్యయనం 1990ల నడుమ మొదలైంది. నలభైల్లో ఉన్న ఆడవాళ్లని ఎంచుకుని, వాళ్ల నెలసరి ఆగేదాకా, ఆగిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పరీక్షిస్తూ వచ్చారు. వాళ్లలో 1,200 మందికి పైగా స్త్రీల ఒంట్లో కొవ్వెంత, కండెంత అని డెక్సా స్కాన్‌తో మళ్లీ మళ్లీ కొలిచారు. గెయిల్ గ్రీన్‌డేల్ బృందం ఆ ఫలితాలను 2019లో ప్రచురించింది.

అందులో తేలిన మొదటి సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. బరువు పెరగడానికి మెనోపాజ్, అంటే నెలసరి ఆగిపోవడం, ప్రత్యేకంగా ఊపునివ్వలేదు. నలభైల్లో బరువు ఏటా కొంచెం కొంచెం పెరుగుతూనే ఉంది, ఆ గీత నెలసరి ఆగే రోజుల్లోనూ అదే వాలులో సాగింది. మగవాళ్లకీ ఆ వయసులో పెరిగేది ఇలాగే. రెండో సంగతి అసలైనది. చివరి నెలసరికి దాదాపు రెండేళ్ల ముందు ఒంట్లో కొవ్వు చేరే వేగం ఉన్నట్టుండి ఇంచుమించు రెండింతలైంది. అదే సమయంలో కండ తగ్గడం మొదలైంది. చివరి నెలసరి దాటాక రెండేళ్ల దాకా ఇలా సాగి, ఆ తర్వాత రెండూ నెమ్మదించాయి. ఒకటి పెరిగి మరొకటి తగ్గినప్పుడు మొత్తం బరువు పెద్దగా కదలదు. అందుకే మిషను మీద ఎక్కి దిగినవాళ్లకి ఏమీ కాలేదనిపిస్తుంది.

అంటే ఇది జీవితాంతం సాగే పతనం కాదు. మూడున్నర, నాలుగేళ్ల కీలకమైన కాలం. ఆ కాలంలో ఏం తిన్నారు, కండకి ఎంత పని పెట్టారు అన్నదాన్ని బట్టి తర్వాతి ముప్ఫై ఏళ్ల ఒళ్లు ఎలా ఉండబోతుందో చాలావరకు తేలిపోతుంది. ఆ అధ్యయనంలో తెల్లవారు, నల్లజాతివారు, చైనా, జపాన్, స్పానిష్ మూలాలున్నవారు ఉన్నారు గానీ దక్షిణాసియా స్త్రీలు లేరు. ఈ లోటు చిన్నది కాదు. దాని దగ్గరికి మళ్లీ రావాలి.

"ఈ వయసులో ఒంట్లో అరుగుదల తగ్గిపోతుంది, అందుకే లావవుతాం" అన్న వివరణ అందరి నోటా ఉంది. 2021లో సైన్స్ పత్రికలో హెర్మన్ పాంట్జర్, సహ పరిశోధకులు వేసిన వ్యాసం దాన్ని గట్టిగా కదిపింది. 29 దేశాల నుంచి, ఎనిమిది రోజుల పసికందు మొదలు 95 ఏళ్ల వృద్ధుల దాకా 6,400 మందికి పైగా మనుషుల ఒళ్లు రోజుకు ఎంత శక్తి ఖర్చు పెడుతోందో అందులో లెక్కగట్టారు. ఒంటి పరిమాణాన్నీ, కండ పాళ్లనీ లెక్కలోకి తీసుకున్నాక చూస్తే ఇరవై ఏళ్ల నుంచి అరవై దాకా ఆ ఖర్చు నిలకడగానే ఉంది. నలభై అయిదు, యాభైల దగ్గర ఆడవాళ్లకి ప్రత్యేకమైన పతనం కనిపించలేదు. తగ్గడం మొదలయ్యేది అరవై దాటాకనే. కండ తగ్గితే ఖర్చూ తగ్గుతుంది, నిజమే. కానీ అలాంటప్పుడు తప్పు వయసుది కాదు, కండ తగ్గడానిది. కండని తిరిగి పెంచుకునే వీలు మనిషి చేతిలో ఉంది. ఈ తేడా పట్టుకుంటే నిస్సహాయత సగం పోతుంది.

కొవ్వు పొట్టకే ఎందుకు చేరుతుంది? అండాశయాలు ఈస్ట్రోజెన్ హార్మోన్‌ని దండిగా తయారు చేస్తున్నంత కాలం ఆడవాళ్ల ఒంట్లో మిగులు కొవ్వు తుంటి, తొడల దగ్గర చర్మం కింద నిలవుంటుంది. గర్భం, చనుబాల కాలానికి అక్కరకొచ్చే నిలవ అది. గుండెకీ కాలేయానికీ పెద్దగా హాని చేయదు. ఈస్ట్రోజెన్ పడిపోయాక నిలవ చేసే చోటు మారుతుంది. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ, పొట్ట లోపలి గోడల వెనక కొవ్వు చేరుతుంది. ఈ లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదు. అది విడుదల చేసే కొవ్వు ఆమ్లాలు నేరుగా కాలేయానికి చేరి ఇన్సులిన్ పని సాగనివ్వవు. చివరి నెలసరికి అటూ ఇటూ ఏడాది లోపే చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్ ఒక్కసారిగా ఎగబాకడం కూడా స్వాన్ పరిశీలనలో బయటపడింది. నలభై ఎనిమిదిలో నార్మల్ అని వచ్చిన రక్తపరీక్ష కాగితాన్ని చూసుకుని యాభై రెండు దాకా ధీమాగా ఉండకూడదనడానికి ఇదే కారణం.

ఈస్ట్రోజెన్ ఒక్కటే కారణం కాకపోవచ్చు. అండాశయాలు పని మందగించినప్పుడు వాటిని తట్టి లేపడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎక్కువెక్కువగా వదులుతుంది. న్యూయార్క్‌లో మోన్ జైదీ బృందం ఎలుకల్లో ఆ హార్మోన్‌ని ప్రతిరక్షకాలతో అడ్డుకుంటే కొవ్వు తగ్గిందని 2017లో నేచర్ పత్రికలో ప్రకటించింది. ఎలుకల సంగతి మనుషుల్లోనూ నిజమని ఇంకా రుజువు కాలేదు.

ఇప్పుడు స్వాన్‌లో మనవాళ్లు లేరన్న లోటు దగ్గరికి.

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ తామిద్దరి కొలతల్నే 2004లో లాన్సెట్ పత్రికలో పక్కపక్కన పెట్టి చూపించారు. ఎత్తుకి బరువు ఎంతో చెప్పే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. భారతీయుల ఒంటి తీరే ఇది. చూడటానికి సన్నగా ఉన్నా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అందుకే 2009లో భారతీయ నిపుణులు మన గీతల్ని కిందికి దించారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25కి చేరితే ఊబకాయం. ఆడవాళ్ల నడుము 80 సెంటీమీటర్లు మించకూడదు. అసలే తక్కువ కండతో నలభైల్లోకి వచ్చే స్త్రీకి, ఉన్న కండ కూడా తగ్గే కాలం ఎదురవుతోందన్న మాట.

తెలుగు నేల మీద ఈ లెక్క ఇంకా బరువుగా ఉంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 24 శాతం మంది బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో అది 36 శాతం దాటింది. తెలంగాణలోనూ, కర్ణాటకలోనూ 30 శాతం. పైగా పాశ్చాత్య దేశాల్లో నెలసరి ఆగే సగటు వయసు 51 అయితే, భారత మెనోపాజ్ సొసైటీ దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో మన స్త్రీల సగటు 46 దగ్గర తేలింది. బెంగళూరు నాగరభావిలోని సామాజిక ఆర్థిక పరివర్తన సంస్థ పరిశోధకులు శ్యామల, శివకామి 2005లోనే ఈ సంగతి మీద కుటుంబ ఆరోగ్య సర్వేల ఆధారంగా వ్యాసం రాశారు. పల్లెల్లో, పేదరికంలో, చదువు లేని స్త్రీలకి నెలసరి తొందరగా ఆగిపోతోందని అందులో చూపించారు.

ఇంకొక కారణం మనది. చాలా మనది. గర్భసంచి ఆపరేషన్. అదే 2019-21 సర్వేలో దేశంలో వందకు ముగ్గురు స్త్రీలు గర్భసంచి తీయించుకుని ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో వందకు తొమ్మిదిమందికి దగ్గరగా, తెలంగాణలో ఎనిమిదిమంది. అదీ 49 ఏళ్ల లోపువాళ్లలో. తెల్లబట్టకనీ, అధిక రక్తస్రావానికనీ, పిల్లలు పుట్టారు కదా ఇక దానితో పనేముందనీ ముప్ఫై అయిదేళ్లకే తీయించేసిన ఊళ్లు గుంటూరు, ప్రకాశం, మెదక్ ప్రాంతాల నుంచి బెంగళూరుకు వచ్చిన ఏ తల్లిని అడిగినా గుర్తుకొస్తాయి. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయాలని సుప్రీం కోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది.

ఆ ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసేస్తే మెనోపాజ్ ఒక్క రోజులో వచ్చి పడుతుంది. అండాశయాలు ఉంచినా చిక్కు తీరదు. అలాంటి స్త్రీలలో అండాశయాలు మామూలుకంటే సగటున రెండేళ్ల ముందే పని మానేస్తాయని అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2011లో తేల్చారు. ఇంకో ఇబ్బంది ఎవరూ చెప్పరు. గర్భసంచి లేని స్త్రీకి నెలసరి ఆపరేషన్ రోజే ఆగిపోయింది కాబట్టి, నిజమైన మెనోపాజ్ ఎప్పుడొచ్చిందో తెలిపే గుర్తే ఉండదు. నలభై, నలభై రెండేళ్లకి ఒళ్లు సెగలు పొగలుగా ఉండటం, నిద్ర తెగిపోవడం, పొట్ట రావడం మొదలైతే "ఆపరేషన్ అయినప్పటి నుంచి ఇంతే" అని సరిపెట్టుకుంటుంది. అలాంటప్పుడు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లి, ఆపరేషన్ కాగితాల్లో అండాశయాలు ఉంచారో తీశారో చూపించుకోవడం మొదటి పని. నలభై అయిదు లోపు అండాశయాలు పోయినవాళ్లకి, వేరే అడ్డంకి లేకపోతే, సహజంగా మెనోపాజ్ వచ్చే వయసు దాకా హార్మోన్ చికిత్స ఇవ్వాలనే అంతర్జాతీయ వైద్య సంఘాలు చెబుతున్నాయి. ఎముకల కోసం, గుండె కోసం.

సరే, ఏం తినాలి? ఇక్కడ బెంగళూరుకు చెప్పుకోదగ్గ వాటా ఉంది. మాంసకృత్తుల్లోని లైసిన్ అనే అమైనో ఆమ్లం మనిషికి రోజుకెంత కావాలన్న ప్రశ్న మీద సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో అనూర కుర్పాడ్ బృందం ఏళ్ల తరబడి పనిచేసింది. భారతీయులకే ఐసోటోపు గుర్తులున్న ఆహారం ఇచ్చి, ఇరవై నాలుగు గంటలూ వాళ్ల ఊపిరినీ రక్తాన్నీ పరీక్షించి లెక్క తేల్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో కిలో బరువుకి 12 మిల్లీగ్రాముల లైసిన్ చాలన్నది. ఇలాంటి పరిశోధనల బలంతో 2007 నివేదికలో అది 30కి పెరిగింది. రెండున్నర రెట్లు. బియ్యంలో కొరత పడేది సరిగ్గా ఈ లైసినే. పప్పుల్లో, పాలల్లో, గుడ్డులో, చేపలో అది పుష్కలం. అన్నం ఎక్కువగా, పప్పు పల్చగా తినే ఇంట్లో కండకి కావలసిన ముడిసరుకు చాలడం లేదని ఆ పరిశోధన చెబుతోంది.

2025లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చూస్తే భారతీయులు తినే శక్తిలో 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తోంది, మాంసకృత్తుల నుంచి 12 శాతం మాత్రమే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు ధాన్యాల వాటా 45 శాతానికి మించవద్దంటున్నాయి.

ఈ అంకెల్ని మన కంచంలోకి దించి చూడాలి. అరవై కిలోల స్త్రీకి పోషకాహార సంస్థ లెక్కన రోజుకు యాభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆమె రోజంతటికీ పావు కిలో బియ్యం వండుకుని తింటే అందులోంచి ఇరవై గ్రాములు వస్తాయి. పల్చటి పప్పుకో, సాంబారుకో పడే ముప్ఫై గ్రాముల కందిపప్పు నుంచి ఆరున్నర. పాలూ పెరుగూ కలిపి మూడు వందల మిల్లీలీటర్ల నుంచి పది. కూరలతో కలుపుకున్నా నలభై దాటడం కష్టం. అదే బియ్యాన్ని నూట యాభై గ్రాములకి తగ్గించి, పప్పుధాన్యాలు ఎనభై గ్రాములు చేసి, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశెనగలు కలిపితే యాభై సులువుగా దాటుతుంది. కేలరీలు మాత్రం దాదాపు అవే. గుడ్డు తినని ఇళ్లలో పనీరో, మీల్‌మేకరో. ముద్దపప్పు, పెసరట్టు, ఉలవచారు, పప్పుచారుకి బదులు పాలకూర పప్పు, పొద్దున టిఫిన్‌లో ఉప్మాకి బదులు మొలకెత్తిన పెసలు. బయటి నుంచి తెచ్చుకోవలసింది ఏమీ లేదు. పౌడరు డబ్బాలు అసలే అక్కర్లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా మాంసకృత్తులు పెంచకూడదు.

కర్ణాటక ముద్దె, రాయలసీమ సంగటి రెండూ రాగులవే. వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉందని పోషకాహార సంస్థ పట్టికలు చెబుతాయి. ఎముకలు పలచబడే వయసులో ఇది గొప్ప వరం. కానీ రాగి పిండి కూడా పిండే. అన్నం పక్కన సంగటి చేరిస్తే లాభం లేదు, అన్నానికి బదులుగా తినాలి. మెత్తగా మరపట్టించిన పిండిని జావగా తాగితే రక్తంలో చక్కెర త్వరగానే పెరుగుతుంది, కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకి జావకన్నా సంగటి మేలు, అదీ పప్పుతోనో ఆకుకూరతోనో.

ఒంటిపూటల సంగతి విడిగా చెప్పాలి. శనివారమో, సోమవారమో అన్నం మానేసి రాత్రికి టిఫిన్ చేసే అలవాటు మన ఆడవాళ్లలో విస్తారం. అన్నం మానేశారు గానీ దాని చోట వచ్చింది నూనె దండిగా పడ్డ ఉప్మా, అట్లు, సగ్గుబియ్యం. ఆ రోజు మాంసకృత్తులు మామూలు రోజుకన్నా తక్కువ పడతాయి. పూర్తిగా పస్తులుండి బరువు తగ్గాలని చూసేవాళ్లకి ఇంకా నష్టం. తగ్గిన కిలోల్లో కండ కూడా పోతుంది, మళ్లీ తినడం మొదలుపెట్టాక తిరిగొచ్చేది ఎక్కువగా కొవ్వే. భక్తితో చేసే ఉపవాసాన్ని ఎవరూ మానమనరు. ఆ రాత్రి పళ్లెంలో గుగ్గిళ్లో, పెరుగో, పెసరట్టో ఉండేలా చూసుకుంటే చాలు. కంచంలో కనపడని పంచదార, నూనెల లెక్క కూడా చూసుకోవాలి. రోజుకు మూడు కాఫీలు, ఒక్కో దానిలో రెండు చెంచాల పంచదార అంటే ముప్ఫై గ్రాములు, నూట ఇరవై కేలరీలు. నలుగురున్న ఇంట్లో నెలకు వంట నూనె మూడు కిలోలు దాటుతుంటే అది ఎక్కువే.

నడక మంచిది. కుందలహళ్ళి చెరువు దగ్గరా, అపార్ట్‌మెంట్ల ఆవరణల్లోనూ పొద్దునా సాయంత్రం నడిచే స్త్రీలు రక్తపోటుకి, షుగర్‌కి, మనసుకి మేలు చేసుకుంటున్నారు. కానీ నడకతో తొడ కండ కొంత నిలుస్తుందేమో గానీ చేతులు, వీపు, భుజాల కండ నిలవదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల నడకలాంటి శ్రమ చెప్పి ఊరుకోలేదు, వారానికి కనీసం రెండు రోజులు కండని బలపరిచే వ్యాయామం ఉండాలన్నాయి. రెండో సగం మన వరకు రానే లేదు. బరువులెత్తడం మగపిల్లల పని అనుకుంటారు. అపార్ట్‌మెంటు జిమ్‌లోకి తొంగిచూసి, లోపల ఉన్న కుర్రాళ్లని చూసి వెనక్కి తిరిగే అమ్మలు ఎందరో.

ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన లిఫ్ట్‌మోర్ ప్రయోగం ఈ సంకోచానికి మంచి జవాబు. ఎముకలు అప్పటికే బలహీనపడ్డ నూటొక్క మంది స్త్రీలు, సగటు వయసు 65. సగం మందికి ఇంట్లో చేసుకునే తేలిక వ్యాయామం ఇచ్చారు. మిగతావాళ్ల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, శిక్షకుల కళ్లముందు నిజమైన బరువులే ఎత్తించారు. ఎనిమిది నెలల తర్వాత తేలిక వ్యాయామం చేసినవాళ్ల వెన్నెముక సాంద్రత 1.2 శాతం తగ్గింది. బరువులెత్తినవాళ్లకి 2.9 శాతం పెరిగింది. అరవై అయిదేళ్ల ఎముకే ఇలా స్పందిస్తే యాభై ఏళ్ల కండ ఎందుకు స్పందించదు?

మొదలుపెట్టడానికి జిమ్ అక్కర్లేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం. గోడకి చేతులు ఆనించి దండీలు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు చేతులతో భుజాల పైకి ఎత్తడం. సులువైపోయిన కొద్దీ బరువు పెంచుకుంటూ పోవాలి, అందులోనే ఉంది కిటుకంతా. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వ్యాయామం మానేస్తారు. నిజానికి తొడ ముందు కండ బలపడితేనే మోకాలి మీద భారం తగ్గుతుంది, ఫిజియోథెరపిస్టు చెప్పిన పద్ధతిలో చేసుకోవచ్చు. దగ్గినా, గెంతినా, బరువెత్తినా మూత్రం చుక్కలు పడటం ఇంకో ఆటంకం. సిగ్గుతో ఎవరికీ చెప్పక వ్యాయామమే మానేసేవాళ్లు చాలామంది. కటి కండరాల వ్యాయామాలతో ఇది చాలావరకు నయమవుతుంది. చెప్పుకుంటే చాలు.

ఇంటి పనే వ్యాయామం కదా అనేవాళ్లకి ఒక అంకె. కేంద్ర గణాంక శాఖ 2024 కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల మీద స్త్రీలు వెచ్చించేది రోజుకు 305 నిమిషాలు. అయిదు గంటల పైమాట. అలసట వస్తుంది, కండ రాదు. పొయ్యి ముందు నిలబడటం, గిన్నెలు సర్దటం కండకి కొత్త బరువేమీ పెట్టవు. పైగా ఆ అయిదు గంటల్లోంచే వారానికి రెండు అరగంటలు తీయడం ఒక్కరి వల్ల కాదు. ఆ అరగంట మనవణ్ణి ఎవరు ఎత్తుకుంటారు, రాత్రి అంట్లు ఎవరు తోముతారు అన్నది ఇంటిల్లిపాదీ తేల్చుకోవలసిన విషయం. వ్యాయామం చేయమని అమ్మకు సలహా ఇచ్చే కొడుకు ఆ పని తాను అందుకుంటే సలహా నిలబడుతుంది.

నిద్ర తెగిపోవడం బరువు లెక్కలోకే వస్తుంది. అర్ధరాత్రి ఒళ్లంతా సెగ పుట్టి, చెమటలు పట్టి, దుప్పటి తన్నేసి లేచి కూర్చునే స్త్రీకి మర్నాడు తీపి మీద, పిండి మీద కోరిక పెరుగుతుంది, వ్యాయామానికి ఒళ్లు లేవదు. అంచేత సెగల్ని భరించడం గొప్పతనం కాదు. వాటికి మందుంది. హార్మోన్ చికిత్స మీద భయం 2002 జూలైలో అమెరికాలోని ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ ఫలితాలతో లోకమంతా పాకింది. ఆ ప్రయోగంలో పాల్గొన్న స్త్రీల సగటు వయసు 63 అన్నది మాత్రం అంతగా పాకలేదు. అరవై లోపు, నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టే చాలామందికి ముప్పుకన్నా మేలే ఎక్కువని తర్వాతి విశ్లేషణలు చూపించాయి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డలు కట్టినవాళ్లకి ఇది పనికిరాదు. దీంతో లావవుతారన్న మాటకి ఆధారం లేదు. అలాగని బరువు తగ్గించే మందు కూడా కాదు. నిద్రనీ సుఖాన్నీ తిరిగిస్తే మిగతా పనులు చేసుకునే ఓపిక వస్తుంది.

బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి, మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ. ఊబకాయం వల్ల షుగర్, నిద్రలో ఊపిరి ఆగడం లాంటి జబ్బులున్నవాళ్లకి ఇవి నిజంగా ఆదుకునే మందులు. అయితే తగ్గే బరువులో కొంత కండ కూడా ఉంటుంది, మందు ఆపితే బరువు చాలామందికి తిరిగొస్తుంది. మెనోపాజ్ దాటిన స్త్రీ వీటిని వాడుతూ పప్పూ గుడ్డూ మానేసి, బరువులెత్తకుండా ఉంటే, మందు పనిచేసి కూడా నష్టమే మిగలవచ్చు. ఏ మందుకైనా ముందు థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి, దాని లక్షణాలూ మెనోపాజ్ లక్షణాలూ ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఉన్నట్టుండి బరువు తగ్గిపోయినా, నెలసరి ఆగిన ఏడాది తర్వాత మళ్లీ రక్తం కనిపించినా ఆ వారంలోనే డాక్టరుని కలవాలి.

ఇంట్లో కొలుచుకోవడానికి దర్జీ టేపు చాలు. కింది పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ నడిమధ్య, మామూలుగా ఊపిరి వదిలాక, బిగించకుండా చుట్టి చూడాలి. నెలకొకసారి, ఒకే వేళలో. 80 సెంటీమీటర్ల గీత ఒకటి, ఎత్తులో సగానికి మించకూడదన్నది ఇంకొకటి. అయిదడుగుల స్త్రీకి సగమంటే 76.

మొదలుపెట్టే వయసు మీద పిట్స్‌బర్గ్‌లో జరిగిన ప్రయోగం ఒకటి ఎందుకో ఇక్కడ పెద్దగా ప్రచారంలోకి రాలేదు. నెలసరి ఇంకా ఆగని, 44 నుంచి 50 ఏళ్ల మధ్య ఉన్న 535 మంది స్త్రీలని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి ఆహారం మీద, వ్యాయామం మీద శిక్షణ ఇచ్చి అయిదేళ్ల దాకా వెంట ఉన్నారు. ఇంకో జట్టుని పరీక్షలతో సరిపెట్టారు. 2003లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లలో 55 శాతం మంది మెనోపాజ్ దాటుతూ కూడా మొదటి రోజు బరువులోనే, లేదా అంతకు తక్కువలోనే ఉన్నారు. రెండో జట్టులో అలా ఉన్నది 26 శాతమే, వాళ్లు సగటున 2.4 కిలోలు పెరిగారు. అక్కడివాళ్లకి నెలసరి ఆగేది 51కి. మనకి 46కి. అంటే పిట్స్‌బర్గ్ స్త్రీ 44లో మొదలుపెట్టిన పని కుందలహళ్ళి స్త్రీ 39, 40కే అందుకోవాలి. ముప్ఫై అయిదుకే గర్భసంచి పోయిన స్త్రీ ఆ వయసు దాకా కూడా ఆగకూడదు. ఆమె ఏటేటా చూపించుకోవలసిన రక్తపోటు, షుగర్, కొలెస్టరాల్ పరీక్షలు ఆపరేషన్ అయిన ఏడాది నుంచే మొదలవ్వాలి.